పొడవైన పార్ త్రీలు, మా టీల ఎంపిక: నాలుగు కోర్సుల యాత్ర

స్కాట్లాండ్ తూర్పు తీరంలో నార్త్ బెర్విక్, కార్నూస్టీ, ఉత్తర ఐర్లాండ్‌లో పోర్ట్‌రష్, వీటన్నిటికంటే ముందు తీరానికి దూరంగా ఉన్న ఒక రిసార్టు కోర్సు: ఈసారి మేము గోల్ఫ్ ఆడి వచ్చినవి ఇవి. వెళ్లింది ముగ్గురం. నేను డ్రైవర్‌తో, అంటే అన్నిటికంటే దూరం పంపే కర్రతో కొడితే బంతి దొర్లడంతో కలిపి 220 గజాలు పోతుంది, ఫైవ్ ఐరన్ అనే మధ్యరకం కర్రతో 150 పోతుంది. తమ్ముడు డ్రైవర్‌తో 260 దాటిస్తాడు. నా భార్య టీ షాటు, అంటే మొదటి దెబ్బ, దాదాపు 150 గజాలు. అది ఎప్పుడూ ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) మధ్యలోనే పడుతుంది, ఆ మాట మా ఇద్దరి షాట్ల గురించీ చెప్పలేను. ఈ మూడు దూరాలను ముందే చెప్పడానికి కారణం ఉంది. యాత్ర పొడవునా మేము తేల్చుకోవలసి వచ్చింది ఒకటే విషయం: ఎవరు ఏ టీ నుంచి, అంటే మొదటి దెబ్బ కొట్టే ఏ రంగు గుర్తు నుంచి, ఆడాలి అన్నది. అది తేలకుండా అడ్డుపడినవి పార్ త్రీలు, అంటే ఒక దెబ్బలో గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) చేరి మొత్తం మూడు దెబ్బల్లో ముగించవలసిన రంధ్రాలు.

మొదట రిసార్టు సంగతి. బస గురించి ఫిర్యాదు లేదు. గదులు మొదటి టీకి ఎదురుగా ఉన్నాయి, తడిసిన బూట్లు ఆరబెట్టుకోవడానికి వేరే గది ఉంది, సాధన చేసుకునే మైదానం నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. చిక్కంతా కౌంటరు దగ్గర వచ్చింది. అక్కడి ఉద్యోగి నా హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 19 అని విని, మరో ప్రశ్న వేయకుండా పసుపు టీల కార్డు చేతిలో పెట్టాడు. నేనూ ఎదురు చెప్పలేదు, ఎందుకంటే ఇంటి దగ్గర వేసుకున్న లెక్క కూడా అదే చెప్పింది. అమెరికా వృత్తి గోల్ఫర్ల సంఘం పీజీఏ, అక్కడి గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ కలిసి 2011లో ‘టీ ఇట్ ఫార్వర్డ్’ (ముందు టీ నుంచి ఆడండి) పేరుతో చేసిన ప్రచారంలో ఒక పట్టిక ఉంది. దాని ప్రకారం డ్రైవర్‌తో 225 గజాలు కొట్టేవారికి 5,800 నుంచి 6,000 గజాల కోర్సు తగినది. పసుపు టీల మొత్తం 6,020. ఇరవై గజాల తేడాను ఎవరు పట్టించుకుంటారు?

పట్టించుకోవలసింది ఆ ఇరవై గజాలను కాదని నాలుగో రంధ్రం దగ్గర అర్థమైంది. పసుపు టీల నుంచి నాలుగు పార్ త్రీలూ వరుసగా 224, 210, 236, 201 గజాలు. వాటి వెనుక ఉన్న తెల్ల టీల నుంచి అవే 228, 214, 236, 205. అంటే 6,420 గజాల కోర్సును 6,020కి తగ్గించినప్పుడు, తీసేసిన 400 గజాల్లో పార్ త్రీల వంతుకు వచ్చినవి పన్నెండే. మిగతా 388 గజాలూ పార్ ఫోర్లలో, పార్ ఫైవ్‌లలో తగ్గించారు. పన్నెండో రంధ్రం దగ్గరైతే తెల్ల గుర్తూ పసుపు గుర్తూ ఒకే దిమ్మ మీద పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ నేను డ్రైవర్ తీశాను. ఆ రోజు మొత్తం మీద అంత శుభ్రంగా తగిలిన దెబ్బ మరొకటి లేదు. బంతి నేరుగా వెళ్లి గ్రీన్ ముందున్న బంకర్ పైగట్టుకు తగిలి, తడి ఇసుకలో సగం కూరుకుపోయింది. తమ్ముడు త్రీ వుడ్‌తో, అంటే డ్రైవర్ తర్వాతి పొడవైన కర్రతో, గ్రీన్ మీదకే వేశాడు గాని, బంతి చదునుగా వచ్చి పడడంతో ఆగకుండా వెనుక గడ్డిలోకి దొర్లిపోయింది. ఇద్దరి దెబ్బల్లోనూ తప్పు లేదు, ఇద్దరికీ పార్ రాలేదు.

ఆ సాయంత్రం గదిలో కూర్చుని లెక్కను మళ్లీ మొదటి నుంచి చూశాను. టీ ఎంపికకు గోల్ఫర్ల మధ్య రెండు సూత్రాలు చలామణిలో ఉన్నాయి. డ్రైవర్ దూరాన్ని 28తో గుణించాలని ఒకటి, ఫైవ్ ఐరన్ దూరాన్ని 36తో గుణించాలని రెండోది. నా విషయంలో మొదటిది 6,160 చూపిస్తుంది, రెండోది 5,400 చూపిస్తుంది. ఒకే మనిషికి 760 గజాల తేడా. డ్రైవర్ సూత్రంలో బంతి దొర్లే దూరం కూడా కలిసిపోతుంది, విశాలమైన ఫెయిర్‌వే మీద అది నిజమే. ఐరన్ సూత్రం మాత్రం గ్రీన్‌ను ఏ కర్రతో చేరగలవని అడుగుతుంది. పార్ త్రీ వేసే ప్రశ్న కూడా అదే కాబట్టి, అవి పొడవుగా ఉన్న కోర్సులో నేను ఇకమీదట రెండో సూత్రాన్నే నమ్ముతాను.

పార్ అనే అంకె మీద కూడా మనకు అవసరానికి మించిన నమ్మకం ఉంది. ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో పురుషులకు 260 గజాల వరకు, స్త్రీలకు 220 గజాల వరకు ఉన్న రంధ్రాన్ని పార్ త్రీగా పెట్టవచ్చు. అదే పద్ధతి కోర్సులకు రేటింగ్ (కష్టాన్ని కొలిచే అంకె) ఇచ్చేటప్పుడు నమూనాగా తీసుకునే బోగీ ఆటగాడి (రంధ్రానికి సుమారు ఒక దెబ్బ ఎక్కువ ఆడేవాడి) టీ షాటు 200 గజాలు, బోగీ ఆటగత్తెది 150. నిబంధన ఒప్పుకున్న పొడవును ఆ నమూనా మనుషులే ఒక దెబ్బలో చేరలేరు. కార్డు మీద మూడు అని అచ్చు వేసినంత మాత్రాన మూడు సాధ్యమని ఎవరూ మాట ఇవ్వలేదన్నమాట.

మర్నాడు అక్కడే ఎర్ర టీల నుంచి ఆడాను. మొత్తం 5,480 గజాలు, పార్ త్రీలు 168, 161, 182, 149. రెండు పార్ ఫోర్లలో డ్రైవర్ సంచిలోనే ఉండిపోయింది, ఆ మేరకు ఆట చప్పబడిందని ఒప్పుకుంటాను. కాని పార్ త్రీల దగ్గర హైబ్రిడ్‌తోనో (వుడ్‌కూ ఐరన్‌కూ మధ్యరకం కర్ర) ఐరన్‌తోనో ఎత్తుగా కొట్టి, బంతిని గ్రీన్ మీద ఆపడం ఆ కోర్సులో అదే మొదటిసారి. ఇక్కడ ఆ రిసార్టుపై నాకు అసలైన ఫిర్యాదు ఉంది. ఎర్ర టీలకు పురుషుల రేటింగ్ కార్డు మీద లేదు, అడిగితే కౌంటరులోనూ ఎవరికీ తెలియదు. రేటింగ్ లేని టీల నుంచి ఆడిన స్కోరు హ్యాండిక్యాప్ లెక్కలోకి రాదు. ముందు టీ నుంచి ఆడమని సలహా ఇచ్చే కోర్సు ఈ చిన్న ఏర్పాటైనా చేసి ఉండవలసింది.

భోజనాల దగ్గర నేను పన్నెండో రంధ్రాన్ని మళ్లీ తలుచుకుంటుంటే నా భార్య కార్డు తిప్పి చూపించింది. “మీరు రెండు రోజులుగా 236, 236 అంటున్నారు. నా 182 సంగతి ఎవరైనా అడిగారా?” అంది. లెక్క చూస్తే ఆమె మాటే నిజం. 220 కొట్టేవాడికి 236 అంటే తన గరిష్ఠ దూరానికి ఏడు శాతం ఎక్కువ. 150 కొట్టే ఆమెకు 182 అంటే ఇరవై ఒక్క శాతం ఎక్కువ. ఎర్ర టీల ముందు ఇంకో టీ లేదు. కొన్ని కోర్సుల్లో ఇలాంటి రంధ్రాన్ని స్త్రీల కార్డులో పార్ ఫోర్‌గా చూపిస్తారు, ఇక్కడ అదీ లేదు. “వదిన చెప్పినదాంట్లో తప్పేముంది అన్నయ్యా?” అని తమ్ముడు కూడా ఆమె వైపే చేరాడు.

తీరానికి వచ్చాక కథ మారింది. నార్త్ బెర్విక్, కార్నూస్టీ, పోర్ట్‌రష్ మూడింటికీ రైలు స్టేషన్లున్నాయి కాబట్టి బసను స్టేషన్‌కూ మొదటి టీకీ మధ్య నడిచే దూరంలో వెతుక్కోవడం మేలు. సంచులు మోసుకుంటూ కారు వెతుక్కునే పని తప్పుతుంది. గ్రీన్ కనిపించే కిటికీ ఉన్న గదికంటే, చిన్న బస అయినా యార్డేజ్ పుస్తకం (రంధ్రాల దూరాలు రాసిన చిన్న పుస్తకం) ముందురోజే సంపాదించి పెట్టిన ఇంటివారే మాకు ఎక్కువ ఉపయోగపడ్డారు. కార్డు మీద ఉండే దూరం శాశ్వత గుర్తు నుంచి గ్రీన్ మధ్యకు కొలిచినది. ముప్పై గజాల లోతున్న గ్రీన్ అయితే ముందు అంచుకు పదిహేను గజాలు తక్కువే. ఆ పదిహేను గజాలు ఒక్కోసారి టీనే మారుస్తాయి.

నార్త్ బెర్విక్ వెస్ట్ లింక్స్‌లో పదిహేనోది ‘రెడాన్’. క్రిమియా యుద్ధకాలపు కోటబురుజు పేరు అది. దాదాపు 190 గజాల పార్ త్రీ. గ్రీన్ కుడి ముందు భాగం నుంచి ఎడమ వెనుకకు వాలి ఉంటుంది, ముందున్న గట్టు వల్ల టీ దగ్గర నుంచి పూర్తిగా కనిపించదు. గ్రీన్‌ను చేరే దెబ్బ నా దగ్గర లేకపోయినా, గ్రీన్ కుడివైపు ఎత్తైన అంచు మీద దింపితే నేలే బంతిని తీసుకెళ్తుంది. నేను హైబ్రిడ్‌తో తక్కువ ఎత్తులో కొట్టాను. బంతి గట్టు వెనుక మాయమైంది, నడిచి వెళ్లి చూస్తే రంధ్రానికి పది అడుగుల్లో ఉంది. ‘బియారిట్జ్’ అని పిలిచే మరో పాత నమూనా కూడా ఇలాంటిదే: 200 గజాలు దాటిన పొడవు, గ్రీన్‌కు అడ్డంగా లోతైన పల్లం, పొడవైన కర్రతో కొట్టిన బంతి ఆ పల్లంలో దిగి పైకి ఎక్కాలన్నది ఉద్దేశం. అమెరికాలో యేల్ కోర్సు తొమ్మిదో రంధ్రం దీనికి పేరుపడిన ఉదాహరణ. రిసార్టులో మమ్మల్ని విసిగించింది ఒట్టి పొడవు కాదని రెడాన్ దగ్గరే తెలిసింది. అంత పొడవు పెట్టి, గ్రీన్ ముందు నేలనంతా ఇసుకతో మూసేయడమే అసలు బాధ. ముందు భాగం తెరిచి ఉంటే 200 గజాలైనా వెనుక టీ నుంచి ఆడతాను. బంతి గాలిలోనే దాటి తీరాలంటే 170కే ముందుకు జరుగుతాను.

కార్నూస్టీ పదహారోది, ‘బ్యారీ బర్న్’, ఛాంపియన్‌షిప్ టీ నుంచి 248 గజాల పార్ త్రీ. 1975 ఓపెన్‌లో (బ్రిటన్ పెద్ద పోటీ) అమెరికా ఆటగాడు టామ్ వాట్సన్ నాలుగు రౌండ్లూ, ప్లే ఆఫ్‌తో కలిపి అయిదుసార్లూ ఇక్కడ పార్ చేయలేక, అయినా ట్రోఫీ గెలుచుకున్నాడు. మేము ముందు టీలలో ఆడాం గాని ఆ రోజు ఎదురుగాలి గట్టిగా ఉంది. గంటకు ఒక మైలు ఎదురుగాలికి సుమారు ఒక శాతం దూరం కలుపుకోవాలన్నది ఆటగాళ్ల లెక్క. వెనుకగాలి ఇచ్చేది అందులో సగమే. ఇరవై మైళ్ల గాలిలో 200 గజాల రంధ్రం 240 అవుతుంది. మాతో సంచి మోస్తూ వచ్చిన క్యాడీ నా చేతిలోని త్రీ వుడ్‌ను చూసి ఏమీ అనకుండా హైబ్రిడ్ అందించి, బంకర్ల ముందున్న చదును నేలను చూపించాడు. అక్కడ దింపి, చిప్ చేసి (చిన్న దెబ్బతో గ్రీన్ మీదకు ఎత్తి), గ్రీన్ మీద దొర్లించే రెండు పట్లతో నాలుగు రాసుకున్నాను. యాత్ర మొత్తంలో డబ్బుకు తగిన సేవ అంటే నాకు గుర్తొచ్చేది ఆ ఒక్క చేయి కదలికే.

పెద్ద పోటీల్లో ఈ పొడవులు ఎక్కడిదాకా పోతాయో చూడాలంటే అమెరికాలోని ఓక్‌మంట్ ఎనిమిదో రంధ్రాన్ని చూడాలి. 2007 యూఎస్ ఓపెన్‌లో కార్డు మీద 288 గజాలు, చివరి రోజు ఆడించింది 300. అది వాళ్ల లోకం.

ఒకే బృందంలో వేర్వేరు టీల నుంచి ఆడితే పోటీ ఎలా అన్న సందేహానికి ఇప్పుడు జవాబు తేలిక. ఇండెక్స్‌ను (హ్యాండిక్యాప్ అంకెను) టీ స్లోప్‌తో (ఆ టీ మామూలు ఆటగాళ్లకు ఎంత ఎక్కువ కష్టమో చెప్పే అంకె) గుణించి ప్రామాణిక స్లోప్ 113తో భాగించి, దానికి కోర్సు రేటింగ్‌కూ పార్‌కూ మధ్య తేడాను కలిపితే ఆ టీకి తగిన కోర్సు హ్యాండిక్యాప్ వస్తుంది. బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఆ తేడాను కలపడం 2024 ఏప్రిల్ నుంచి మొదలైంది. తమ్ముడు వెనుక నుంచి, నేను మధ్య నుంచి, నా భార్య ముందు నుంచి ఆడినా స్కోర్లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. పార్ త్రీలకు మాత్రం ముందు టీకి వెళ్లి మిగతావి వెనుక నుంచి ఆడాలనుకుంటే, ఆ మిశ్రమానికి విడిగా రేటింగ్ ఉందో లేదో అడగాలి. లేకపోతే సరదాకు ఆడుకోవచ్చు, స్కోరు మాత్రం నమోదు కాదు. బుకింగు ఉత్తరంలో ఇప్పుడు నేను అడిగేవి ఇవే: ఒక్కో టీ నుంచి పార్ త్రీల పొడవులు, గ్రీన్ ముందు ఏముందో, ముందు టీలకు పురుషులకూ స్త్రీలకూ రేటింగ్ ఉందా అన్నది. జవాబు వచ్చే తీరును బట్టే ఆ కోర్సు సేవ ఎలా ఉంటుందో చాలావరకు తెలిసిపోతుంది.

స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌రయన్ నుంచి ఓడలో బెల్‌ఫాస్ట్ వచ్చి, అక్కడి నుంచి పోర్ట్‌రష్ చేరాం. 2019 ఓపెన్‌లో 236 గజాలుగా ఆడించిన పదహారో రంధ్రం, ‘కెలామిటీ’, మా ముగ్గురికీ యాత్రలో చివరి పరీక్ష. కుడివైపు లోయ, ఎడమవైపు ఒక చిన్న పల్లం. 1951 ఓపెన్‌లో దక్షిణాఫ్రికా ఆటగాడు బాబీ లాక్ గ్రీన్‌ను వదిలేసి నాలుగు రోజులూ కావాలనే ఆ పల్లంలోకి కొట్టి, ప్రతిసారీ పార్ చేశాడు. అప్పటి నుంచి అది ఆయన పేరుతోనే ఉంది. తమ్ముడు వెనుక టీ నుంచి త్రీ వుడ్‌తో గ్రీన్ వైపే చూశాడు, బంతి కుడికి తిరిగి లోయలోకి పోయింది. నేను మధ్య టీ నుంచి ఎడమకు కొట్టి పల్లం అంచు దాకా వచ్చాను. నా భార్య ముందు టీ దగ్గర నిలబడి గ్రీన్‌ను ఒక్కసారి కూడా చూడలేదు. డ్రైవర్‌తో ఎప్పటిలాగే నేరుగా కొట్టింది, బంతి రెండుసార్లు ఎగిరి దొర్లుతూ పల్లంలోకి దిగింది. చిప్ రంధ్రానికి నాలుగు అడుగుల్లో ఆగింది. పట్ పడ్డాక కార్డు మీద మూడు వేసి, పెన్సిల్ నా చేతికిచ్చింది.