గుత్తిలో కూర్చొని సీడీడీఐఎస్ వాడినా: మన రోవర్ నంబర్లకు మూలం దొరికే చోటు

నాది అనంతపురం జిల్లా గుత్తి, ప్రైవేటుగా సర్వే పని చేస్తా, సివిల్ డిప్లొమా చదివినా, నా దగ్గర ఉండేది ఒక రోవర్ (శాటిలైట్ సిగ్నళ్ళు పట్టి మనమున్న చోటు లెక్క చెప్పే జీపీఎస్ మిషను), ఒక పాత ల్యాప్‌టాప్. ఏడాదిగా రెండు మూడు రోజులకోసారైనా తెరుస్తున్న ఒక సర్వీస్ గురించి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా, నాసా వాళ్ళ డేటా ఆర్కైవ్ అది, పేరు సీడీడీఐఎస్, అంటే క్రస్టల్ డైనమిక్స్ డేటా ఇన్ఫర్మేషన్ సిస్టమ్. 1982 నుంచి నడుస్తోంది, అమెరికాలో మేరీల్యాండ్‌లో ఉండే గొడార్డ్ సెంటర్ వాళ్ళది.

నాకు ఇది తెలిసిన తీరు చెప్తా. ఒక లేఔట్ పనికి స్టాటిక్ తీసినా, అంటే రోవర్‌ని ఒకే చోట కదలకుండా పెట్టి రికార్డు చేసినా, ప్రాసెస్ చెయ్యాలంటే బేస్ డేటా (చోటు ముందే కచ్చితంగా తెలిసిన ఇంకో స్టేషన్‌లో అదే టైంలో తీసిన రికార్డు) కావాలి, టౌన్‌లో ఒక షాపు వాళ్ళు (పేరు వద్దులెండి) ఒక్క రోజు ఫైలుకు 1,500 అడిగితే అర్జెంటు కదా అని ఇచ్చేసినా. ఇంటికొచ్చి ఆ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైన హెడర్‌లో మార్కర్ నేమ్ దగ్గర ఐఐఎస్‌సీ అని ఉంది. బెంగుళూరు ఐఐఎస్‌సీ స్టేషన్ అది! ఆ పేరు పట్టుకొని వెతుక్కుంటూ పోతే సీడీడీఐఎస్‌లో అదే రోజు అదే ఫైలు, ఒక్క పైసా లేకుండా. అదొక్కటే కాదు, హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐలో ఉండే హైడ్ స్టేషన్‌ది కూడా ఉంది, ఏళ్ళ వెనక్కి పోయి ఏ రోజుది కావాలంటే ఆ రోజుది తీసుకోవచ్చు. 1,500 పోయిందని ఆ రాత్రి చాలా బాధపడినా, కానీ ఆ బాధతోనే ఫోల్డర్లన్నీ తెరిచి చూడటం మొదలైంది.

జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్ లాంటి శాటిలైట్ల డేటా) ఫోల్డర్ మనకు అర్థమవుతుంది, రోజూ చేసే పనే. దాని పక్కన ఎస్ఎల్ఆర్ అని ఇంకోటి ఉంది, శాటిలైట్ లేజర్ రేంజింగ్. నేను ఇరుక్కుపోయింది అందులోనే. నేల మీద స్టేషన్ నుంచి శాటిలైట్ మీదికి లేజర్ పల్స్ కొడతారు, శాటిలైట్ ఒంటి మీద అద్దాలుంటాయి, వచ్చిన వెలుగుని వచ్చిన దారినే తిప్పి పంపేస్తాయి, పోయి రావడానికి పట్టిన టైమే కొలత. 1976లో పైకి పోయిన లేజియోస్ అనే శాటిలైట్ ఉంది, 60 సెంటీమీటర్ల గుండు, బరువు 400 కిలోల పైన, ఒళ్ళంతా 426 అద్దాలు, బ్యాటరీ లేదు, ఇంజిన్ లేదు, సుమారు 5,900 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతానే ఉంది. అప్పట్నుంచి దానికి కొట్టిన లేజర్ లెక్కలు ఇక్కడ దాచిపెట్టి ఉన్నారు. జీపీఎస్ లాగా దారి చూపే మన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్ శాటిలైట్ల మీద కూడా ఈ అద్దాలున్నాయి, 2013లో ఇస్రో పంపిన సరళ్ మీదా ఉన్నాయి, ఆ పేర్లు అక్కడ కనిపిస్తే నాకు ఎంత సంతోషమైందో.

దీంతో మనకేం పని అంటారేమో, నేనూ అట్లే అనుకున్నా. పోయిన వానాకాలం పెద్దవడుగూరు వైపు ఒక శెనక్కాయ చేలో కొలతలు వేస్తుంటే ఆ చేను పెద్దాయన అడిగినాడు, "సార్, ఈ మిషను యాడి నుంచి లెక్క పెట్టి చెప్తాంది?" అని. నిజంగా మంచి ప్రశ్న. రోవర్ చెప్పే ఎక్స్, వై, జెడ్ అన్నీ భూమి మధ్యలో ఒక సున్నా నుంచి లెక్క. ఆ సున్నా అంటే భూమి మొత్తం బరువుకు మధ్య బిందువు, అక్కడికి పోయి రాయి పాతిన వాడెవడూ లేడు. శాటిలైట్ ఎప్పుడూ ఆ బిందువు చుట్టూనే తిరుగుతుంది కాబట్టి లేజియోస్ లాంటి గుండ్లు ఎట్లా తిరుగుతున్నాయో లేజర్‌తో మిల్లీమీటర్లలో పట్టుకుంటే మధ్య ఎక్కడుందో తెలుస్తుంది. 2022లో వచ్చిన ఐటీఆర్ఎఫ్2020 అనే ప్రపంచ ఫ్రేమ్‌లో (భూమ్మీద కొలతలన్నిటికీ ఆధారమైన లెక్క) సున్నా పెట్టింది ఈ ఎస్ఎల్ఆర్ డేటాతోనే. ఇదంతా పెద్దాయనకు చెప్తే శ్రద్ధగా విని, "అయితే భూమి నడిమధ్య నుంచి నా చేనికి టేపు పట్టినట్టా" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఇంక ఫైలు లోపల. లేజియోస్ ఫోల్డర్‌లో ఏడాదికో ఫోల్డరు, తీసింది సీఆర్‌డీ అనే ఫార్మాట్, మామూలు టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఆస్ట్రేలియాలో యారగడీ స్టేషన్, నంబర్ 7090, దాని ఒక పాస్ (శాటిలైట్ ఆ స్టేషన్ మీదుగా ఒకసారి పోయినప్పటి కొలతలు) తీసుకున్నా. 11తో మొదలయ్యే లైన్లు నార్మల్ పాయింట్లు, లేజియోస్‌కైతే 120 సెకన్లలో వచ్చిన పల్స్‌లన్నీ కలిపి ఒక్క కొలతగా చేసి పెడతారు. ఒక లైన్‌లో టైం 0.0483 సెకన్ల దగ్గర ఉంది. కాంతి వేగం సెకనుకు 2,99,792.458 కిలోమీటర్లు, దాంతో గుణించి సగం చేసినా, 7,240 కిలోమీటర్ల దగ్గర వచ్చింది. క్యాలిక్యులేటర్‌లో ఆ అంకె చూసి కాసేపు అట్లే కూర్చుండిపోయినా. శాటిలైట్ దూరం గుత్తిలో మా వంటింటి పక్క రూములో నా చేత్తో నేను లెక్క కట్టినా అంటే నమ్మబుద్ధి కాలేదు.

20తో మొదలయ్యే లైన్లు కూడా ఉంటాయి, అవి వాతావరణం. గాలి పీడనం, ఉష్ణోగ్రత, తేమ. నేను మొదట వాటిని పట్టించుకోలేదు, పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి, శాటిలైట్ ఎప్పుడు ఎక్కడుంటుందో ముందే లెక్కేసి పెట్టే, అక్కడే దొరికే సీపీఎఫ్ ప్రిడిక్షన్ ఫైలుతో పోలిస్తే మీటర్ల లెక్కన తేడా వచ్చింది, రెండు రోజులు తల పట్టుకున్నా. లేజర్‌కి గాలి అడ్డం కదా, నెత్తి మీద నిట్టనిలువుగా ఉన్నప్పుడే సుమారు 2.4 మీటర్లు ఎక్కువ చూపిస్తుంది, శాటిలైట్ కిందికి దిగి నేల అంచు నుంచి 20 డిగ్రీల ఎత్తులో ఉంటే 7 మీటర్ల దాకా పోతుంది. ఆ 20 లైన్లో ఉండే 296.4 అనే అంకె కెల్విన్లలో, అంటే 23 డిగ్రీల సెల్సియస్, అది వేసి గాలి లెక్క తీసేస్తే తేడా మీటరు లోపలికి వచ్చేసింది. కొలిచిన రోజు అక్కడ గాలి ఎంత వెచ్చగా ఉందో కూడా పారెయ్యకుండా దాచినారు చూడండి, ఈ ఆర్కైవ్ మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే. ఒట్టి దూరాలు మాత్రమే దాచి ఉంటే రేపు ఇంకా మంచి గాలి ఫార్ములా వచ్చినా పాత డేటాకు వేసుకోలేం.

వాడాలనుకునే వాళ్ళకు ఒక మాట. 2020 అక్టోబరు దాకా లాగిన్ లేకుండా ఎఫ్‌టీపీలో తీసుకునేవాళ్ళంట, ఇప్పుడు వెబ్‌లో తీసుకోవాలంటే నాసా వాళ్ళ ఎర్త్‌డేటా అకౌంట్ కావాలి, ఫ్రీనే, పది నిమిషాల పని. డబ్ల్యూగెట్ (ఫైళ్ళు దించే ప్రోగ్రామ్)‌తో తీసేటప్పుడు పాస్‌వర్డ్ ఉండే నెట్‌ఆర్‌సీ ఫైల్ సరిగ్గా పెట్టుకోకపోతే డేటా బదులు లాగిన్ పేజీ అదే పేరుతో సేవ్ అయిపోతుంది, నేను అట్లా ముప్పై ఫైళ్ళు దించుకొని అన్‌జిప్ కావడం లేదేందిరా అని అరగంట చూసినా. ఫైల్ సైజు చూస్తే తెలిసిపోతుంది, అన్నీ ఒకే సైజులో చిన్నగా ఉంటే అది లాగిన్ పేజీనే. జీఎన్ఎస్ఎస్ ఫైళ్ళు హటనాకా కంప్రెషన్‌లో వస్తాయి, దానికి వేరే ఫ్రీ టూల్ ఉంది, ముందే దించి పెట్టుకోండి. వివరాలన్నీ ఇంగ్లీషులో, ఈ పని తెలిసినవాళ్ళ కోసం రాసినవి, మొదటి వారం ఓపిక పట్టాలి. ఎస్ఎల్ఆర్ డేటా జర్మనీలో మ్యూనిక్ వాళ్ళ దగ్గర కూడా ఉంటుంది, ఈడీసీ అంటారు, ఒకటి తెరుచుకోని రోజు ఇంకోటి.

మన గుత్తోళ్ళకు ఇంకో సంగతి. 1811లో బ్రిటిష్ సర్వేయర్ లాంబ్టన్ దేశమంతా కొలుస్తూ వచ్చి మన గుత్తి దగ్గరే బేస్‌లైన్ (మిగతా కొలతలకు ఆధారమైన గీత) కొలిచినాడు, గొలుసు పట్టి. బెంగుళూరు ఐఐఎస్‌సీ స్టేషన్ ఇక్కడికి ఇంచుమించు నిలువునా దక్షిణంగా 230 కిలోమీటర్లు, అంటే ఆయన దక్షిణం నుంచి ఉత్తరానికి కొలుచుకుంటూ నడిచిన గీత దగ్గరే ఉంది. ఐఐఎస్‌సీ పాత, కొత్త ఫైళ్ళు పెట్టి చూస్తే మన నేల ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. నేను పుట్టి 36 ఏళ్ళు, అంటే మా ఇల్లు 1.8 మీటర్లు, లాంబ్టన్ గొలుసు పరిచిన నేల 10 మీటర్ల పైనే.

నా వరకు సీడీడీఐఎస్‌కు 5కి 5 మార్కులు. పోయిన ఆదివారం కోట కింద బండ మీద రోవర్ పెట్టి ఆరు గంటలు స్టాటిక్ తీసినా, ఆ రోజు ఐఐఎస్‌సీ, హైడ్ ఫైళ్ళు రెండూ దిగినాయి, అదే బండ మీద వచ్చే ఏడాది ఇదే వారం మళ్ళీ పెడతా, గుర్తు కోసం ఉలితో చిన్న ప్లస్ కూడా కొట్టినా.