విదేశీ ఫ్యామిలీ ట్రస్టు ‘ప్యాకేజీ’పై సంతకం చేసే ముందు: మా కుటుంబం అనుభవం, ఒక హెచ్చరిక

సింగపూర్, హాంకాంగ్, దుబాయ్ వంటి చోట్ల సంపాదించి, పిల్లలు తలో దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. ఆస్తిని తరువాతి తరానికి చిక్కుల్లేకుండా అందించాలన్న మంచి ఉద్దేశంతోనే మా నాన్నగారు 2018లో ఒక విదేశీ ట్రస్టు ఏర్పాటు చేశారు. ట్రస్టు అంటే, ఆస్తిని ట్రస్టీ అనే వేరొకరి పేరున పెట్టి, కుటుంబంలోని లబ్ధిదారుల కోసం నిర్వహింపజేసే ఏర్పాటు. దానిని మాకు అమ్మిన సలహాదారు పేరుగాని, సంస్థ పేరుగాని ఇక్కడ చెప్పడం లేదు, ఎందుకంటే రుసుముల విషయంలో వారితో మా వివాదం ఇంకా తేలలేదు. కానీ వారు అమ్మిన తీరు తెలిస్తే, అదే మాట మరొకరి నోట విన్నప్పుడు మీరు గుర్తుపట్టగలుగుతారు.

నాన్నగారిది కాకినాడ. సింగపూర్‌లో ఓడలకు సామగ్రి సరఫరా చేసే వ్యాపారాన్ని పాతికేళ్లు నడిపి, 2017లో అమ్మేశారు. అప్పటికి నేనూ సింగపూర్‌లోనే ఉన్నాను, చెల్లెలు పెళ్లయి న్యూజెర్సీలో ఉంది. ఉగాది వేడుకలో పరిచయమైన ఒక పెద్దమనిషి ఈ సలహాదారును మా ఇంటికి తీసుకువచ్చారు. ఆయన చక్కని తెలుగులో మాట్లాడారు, అమ్మ వడ్డించిన భోజనం చేశారు, మూడు గంటలు కూర్చుని మా ఆస్తులన్నింటి వివరాలూ రాసుకున్నారు. ఆ మూడు గంటల్లో ఆయన అడగని ప్రశ్న ఒక్కటే: మీలో ఎవరు ఏ దేశంలో పన్ను కడుతున్నారు, రేపు ఎక్కడ ఉండబోతున్నారు? రెండేళ్లలో హైదరాబాద్‌కు తిరిగి వెళ్లే ఆలోచన ఉందని నేనే చెప్పాను. అప్పుడు కూడా ఆయన కలం కదలలేదు. మా ఇబ్బందులన్నీ ఆ అడగని ప్రశ్న నుంచే పుట్టాయి.

ఆయన చెప్పినదంతా తప్పని నేను అనను. అమెరికా కంపెనీల వాటాలను నాన్నగారు తన సొంత పేరున ఉంచుకుంటే, అమెరికా పౌరుడూ అక్కడి స్థిరనివాసీ కానివారికి ఆ దేశపు ఎస్టేట్ పన్నులో (చనిపోయినవారి ఆస్తిపై వేసే పన్ను) మినహాయింపు 60,000 డాలర్ల వరకే ఉందని, దాటిన విలువపై పన్ను 40 శాతం దాకా పడుతుందని ఆయన చెప్పిన మాట నిజం. భారతదేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే, సింగపూర్‌లో 2008లో రద్దయింది గనుక, ఈ ప్రమాదం మన వాళ్లలో చాలామందికి తట్టనే తట్టదు. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో ఒక కంపెనీ పెట్టి, వాటాలను ఆ కంపెనీ పేరున ఉంచి, ఆ కంపెనీని ట్రస్టు కిందకు తెచ్చారు. నాన్నగారి వరకు అది సబబైన ఏర్పాటే. అయితే ఆయన ఒక్కరి కోసం కుట్టిన చొక్కాను కుటుంబంలో అందరికీ తొడిగారు.

నేను 2020 ఆగస్టులో హైదరాబాద్ వచ్చేశాను. తొలి రెండు ఆర్థిక సంవత్సరాలు ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేను నివాసినే అయినా ‘సాధారణ నివాసి’ని, అంటే విదేశీ ఆదాయం కూడా ఇక్కడ లెక్కకు వచ్చే నివాసిని, కాను. చాలాకాలం విదేశాల్లో ఉండి తిరిగి వచ్చినవారికి చట్టం ఇచ్చే ఈ వెసులుబాటు కాలంలో విదేశీ ఆస్తుల వివరాలు రిటర్నులో చూపవలసిన అవసరం లేదు. 2022-23 నుంచి నేను సాధారణ నివాసినయ్యాను. ఆ సంవత్సరం నుంచి షెడ్యూల్ ఎఫ్‌ఏ, అంటే రిటర్నులో విదేశీ ఆస్తుల వివరాలు రాసే భాగం, నింపాలి. విదేశీ బ్యాంకు ఖాతాలు, వాటాలే కాక, ఇతర దేశాల చట్టాల కింద ఏర్పడిన ట్రస్టులో మనం ట్రస్టీగా గాని, లబ్ధిదారుగా గాని, ట్రస్టు ఏర్పరచిన సెట్లర్‌గా గాని ఉంటే ఆ వివరాలు రాయడానికి అందులో ప్రత్యేకంగా ఒక పట్టికే ఉంది. నేను ఆ సంగతి సలహాదారును అడిగితే, ట్రస్టీల ఇష్టాన్ని బట్టి పంచే ట్రస్టు గనుక నాకు దానిలో హక్కు లేదని, హక్కు లేనిది చూపనక్కరలేదని, మన సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉందని రాతపూర్వకంగా జవాబిచ్చారు. నేను నమ్మాను.

2024 నవంబరులో ఆదాయపు పన్ను శాఖ నుంచి నా ఫోనుకు సందేశం వచ్చింది. విదేశీ ఆస్తుల వివరాలు చూపనివారిని అప్రమత్తం చేయడానికి ఆ శాఖ అప్పుడు చేపట్టిన కార్యక్రమంలో భాగంగా వచ్చిన సందేశం అది. మీకు విదేశాల్లో ఆస్తి గాని ఆదాయం గాని ఉన్నట్లు సమాచారం అందిందని, రిటర్నును ఒకసారి సరిచూసుకోమని దాని సారాంశం. అది చదివాక నేను హైదరాబాద్‌లో విదేశీ పన్ను వ్యవహారాలు చూసే ఒక ఆడిటర్ గారి దగ్గరకు వెళ్లాను. సలహాదారు ఇచ్చిన జవాబు చూసి ఆమె ముందుగా ఆ సుప్రీంకోర్టు తీర్పు తీసి నాతో చదివించారు. అది 2014లో వచ్చిన తీర్పు. గోండల్ మాజీ సంస్థానాధీశుల కుటుంబం అమెరికా, బ్రిటన్‌లలో ఏర్పరచిన ట్రస్టుల విషయంలో, ఎవరికీ పంచకుండా ట్రస్టీల వద్దే ఉండిపోయిన ఆదాయాన్ని లబ్ధిదారు ఆదాయంగా లెక్కించరాదన్నది దాని సారం. పన్ను పడుతుందా లేదా అన్నది ఒక ప్రశ్న, వివరాలు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. పైగా విదేశీ నల్లధనంపై చట్టం ఆ తీర్పు వచ్చిన మరుసటి ఏడాది, 2015లో వచ్చింది. మొదటి ప్రశ్నకు దొరికిన జవాబును రెండో ప్రశ్నకు అతికించి మాకు ఇచ్చారని నాకు అప్పుడు గాని అర్థం కాలేదు.

ఆ చట్టం ఎంత కఠినమైనదో తెలియనివారి కోసం చెబుతున్నాను. వెల్లడించని విదేశీ ఆస్తిగా తేలితే దాని విలువపై 30 శాతం పన్ను, ఆ పన్నుకు మూడింతల జరిమానా, వెరసి ఆస్తి విలువను మించిన భారం పడుతుంది. పన్ను కట్టిన సొమ్ముతోనే ఆస్తి ఏర్పడినా, రిటర్నులో చూపనందుకే ఏడాదికి రూ. 10 లక్షల జరిమానా విధించే అధికారం అధికారులకు ఉంది. స్థిరాస్తి కాని వాటి మొత్తం విలువ రూ. 20 లక్షలు దాటకపోతే 2024 అక్టోబరు నుంచి దీనికి మినహాయింపు ఇచ్చారు గాని, ట్రస్టు పెట్టుకున్న కుటుంబాలకు అది ఏమూలకూ చాలదు. ఉద్దేశపూర్వకంగా దాచారని తేలితే 6 నెలల నుంచి 7 ఏళ్ల వరకు జైలుశిక్ష కూడా ఉంది. ఆడిటర్ గారి సాయంతో ఆ సంవత్సరపు రిటర్నును గడువులోగా సవరించుకున్నాను. అంతకు ముందు సంవత్సరపు లోపం మాత్రం అలాగే మిగిలింది, దానిపై ఏం జరుగుతుందో అన్న దిగులు ఇప్పటికీ నన్ను వదలలేదు.

ట్రస్టు వివరాలు రహస్యంగా ఉంటాయన్న మాట కూడా మాకు చెప్పారు. ఖాతాల సమాచారాన్ని దేశాలు ఏటా ఒకదానికొకటి పంపుకునే ఉమ్మడి ఏర్పాటు కింద భారత్ 2017లో, సింగపూర్ 2018లో సమాచారం పంపడం మొదలుపెట్టాయి. బ్యాంకులు, ట్రస్టు కంపెనీలు సెట్లర్‌నూ, ట్రస్టీపై ఒక కన్నేసి ఉంచే ప్రొటెక్టర్‌నూ, సొమ్ము అందుకున్న లబ్ధిదారునూ గుర్తించి తెలియజేయాలి. ప్రొటెక్టర్‌గా నా పేరే ఉంది. రహస్యం అన్న పదం ఎవరైనా వాడితే ఆ సంభాషణను అక్కడితో ముగించండి.

చెల్లెలి పరిస్థితి మరోలా తిరిగింది. 2021లో ఇల్లు కొనుక్కోవడానికి ట్రస్టు నుంచి ఆమెకు 80,000 డాలర్లు పంపారు. తండ్రి ఇచ్చిన కానుకే గనుక ఎవరికీ చెప్పనక్కరలేదని సలహాదారు ఫోనులో భరోసా ఇచ్చారు. అమెరికాలో పన్ను కట్టేవారు విదేశీ ట్రస్టు నుంచి సొమ్ము అందుకుంటే, దానిపై పన్ను ఉన్నా లేకపోయినా, ఫారం 3520 దాఖలు చేయాలి. చేయకపోతే జరిమానా 10,000 డాలర్లు గాని, అందిన సొమ్ములో 35 శాతం గాని, ఏది ఎక్కువైతే అది. మా చెల్లెలి లెక్కన అది 28,000 డాలర్లు. ఇప్పుడు అక్కడి అకౌంటెంటు ఆలస్యానికి కారణం వివరిస్తూ పత్రాలు సమర్పించారు. ఒక ఆడపిల్ల తన తండ్రి ఇచ్చిన సొమ్ము గురించి ప్రభుత్వానికి సంజాయిషీ రాసుకోవలసి రావడం మా నాన్నగారిని అన్నిటికన్నా ఎక్కువగా బాధించింది.

ఇక డబ్బు నేరుగా పోయిన చోటు జీవిత బీమా. ట్రస్టు ఏర్పడిన ఆరు నెలలకే నాన్నగారి పేరున ఒక పెద్ద పాలసీని ట్రస్టు చేత కొనిపించారు. ప్రీమియం ఒకేసారి 10 లక్షల డాలర్లు. అందులో 3 లక్షలు మావి, 7 లక్షలు బ్యాంకు అప్పు, ఆ అప్పుకు పాలసీయే తాకట్టు. అప్పుపై వడ్డీ కన్నా పాలసీపై జమయ్యే రాబడి ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని రంగుల పట్టికలు చూపించారు. ఆ వడ్డీ మారే వడ్డీ అన్న సంగతి పట్టిక అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది. అమెరికా కేంద్ర బ్యాంకు 2022 మార్చిలో మొదలుపెట్టి, దాదాపు సున్నా దగ్గరున్న వడ్డీని 2023 జులై నాటికి 5.25-5.50 శాతానికి చేర్చింది. మా అప్పుపై వడ్డీ ఆరున్నర శాతానికి చేరింది, పాలసీపై జమయ్యేది మూడున్నర శాతమే. అంటే ఏడాదికి 45,500 డాలర్లు వడ్డీ కడుతుంటే, బీమా ఖర్చులు మినహాయించక ముందే 35,000 డాలర్లు జమవుతోంది. పాలసీ వదులుకుందామంటే తొలి ఏళ్లలో వదులుకునేవారిపై పడే కోత అంతకన్నా పెద్దది. ఈ పాలసీ అమ్మినందుకు సలహాదారుకు బీమా కంపెనీ నుంచి కమీషను అందిందని మాకు తెలిసింది 2023లో, అదీ గట్టిగా అడిగితే. సలహాకు మా దగ్గర రుసుము తీసుకుంటూ, ఆ సలహా వల్ల మరొకరి దగ్గర కమీషను తీసుకోవడం న్యాయం కాదని నేను నమ్ముతున్నాను. ఏ కాగితంపైనైనా సంతకం చేసే ముందు, ఎవరి నుంచి ఎంత అందుతుందో రాతలో అడగండి.

నష్టం గురించి ట్రస్టీ కంపెనీని నిలదీస్తే, ట్రస్టు పత్రంలోని ఒక నిబంధన చూపించారు. ట్రస్టు కిందనున్న కంపెనీ వ్యవహారాల్లో ట్రస్టీ జోక్యం చేసుకోనవసరం లేదని, విచారించే బాధ్యత కూడా లేదని అందులో ఉంది. వృత్తిలో ఉన్నవారు దీనిని ‘యాంటీ-బార్ట్‌లెట్ క్లాజు’ అంటారు. ఇది ఊరికే రాసుకునే మాట కాదు. 2008 సంక్షోభంలో పెట్టుబడులు నష్టపోయిన ఒక దంపతులు తమ ట్రస్టీపై వేసిన వ్యాజ్యంలో, హాంకాంగ్ తుది అప్పీళ్ల న్యాయస్థానం 2019లో ఇటువంటి నిబంధన చెల్లుతుందని, ట్రస్టీకి పైనుంచి పర్యవేక్షించే బాధ్యత కూడా లేదని తేల్చింది. ఏటా రుసుము తీసుకునే ట్రస్టీ, అసలు సొమ్ము కరిగిపోతుంటే చూస్తూ ఊరుకోవచ్చని మనమే సంతకం చేసి ఇస్తున్నామన్నమాట. పత్రం మొత్తం చదవకుండా, అర్థం కానిచోట సొంత న్యాయవాదిని అడగకుండా సంతకం చేయడం మేము చేసిన తప్పు.

దీనికి విరుగుడుగా పగ్గాలన్నీ మన చేతుల్లోనే ఉంచుకుంటే సరిపోతుందని కొందరు చెబుతారు. అదీ ప్రమాదమే. చైనాలో సౌత్ బ్యూటీ రెస్టారెంట్లు స్థాపించిన జాంగ్ లాన్ విషయంలో, ట్రస్టు కిందనున్న కంపెనీ పేరిట ఉన్న బ్యాంకు ఖాతాల సొమ్ము నిజానికి ఆమెదేనని భావించి, అప్పులవాళ్ల కోరికపై ఆ ఖాతాలకు రిసీవర్లను (కోర్టు తరఫున ఆస్తిని స్వాధీనంలోకి తీసుకునేవారిని) నియమిస్తూ సింగపూర్ హైకోర్టు 2022 నవంబరులో ఆదేశించింది. ఆమె ఆ సొమ్మును తన సొంతదానిలాగే వాడుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం. మా ఇంట్లోనూ కంపెనీ ఖాతాకు ఆదేశాలు నాన్నగారి వాట్సాప్ నుంచే వెళ్లేవి, అలా పంపమని చెప్పింది కూడా సలహాదారే.

మరొక సంగతి. ట్రస్టులో సొమ్ము పెంచడానికి నన్ను హైదరాబాద్ నుంచి ఏటా 2,50,000 డాలర్లు, అంటే రిజర్వు బ్యాంకు అనుమతించిన పరిమితి మొత్తం, పంపమన్నారు. బ్యాంకు ఫారంలో కారణం ‘విదేశాల్లోని బంధువుల పోషణ’ అని రాయమన్నారు. ఆ ఒక్కటి నేను చేయలేదు. అసత్యమైన కారణం రాసి విదేశీ మారకం పంపమనేవారు మీ శ్రేయోభిలాషులు కారు.

ట్రస్టీకి లైసెన్సు ఉందో లేదో చూడటం కష్టం కాదు. సింగపూర్‌లో ట్రస్టు కంపెనీలకు లైసెన్సు ఇచ్చేది అక్కడి మానిటరీ అథారిటీ, దాని జాబితాలో పేరు వెతకవచ్చు. హాంకాంగ్‌లో 2018 మార్చి నుంచి ఈ సేవలందించేవారికి కంపెనీల రిజిస్ట్రీ లైసెన్సు ఉండాలి. మా ట్రస్టీకి లైసెన్సు ఉంది. మాతో మాట్లాడిన సలహాదారుకు మాత్రం ఏ లైసెన్సూ లేదు, ఆయన కేవలం పరిచయం చేసే మధ్యవర్తి. ఈ రెండింటినీ మేము ఒకటిగా పొరబడ్డాం. ట్రస్టీ లైసెన్సుతో పాటు, మీకు సలహా ఇస్తున్న మనిషి ఏ హోదాలో ఇస్తున్నారో కూడా అడగండి. కుటుంబంలో ఎంతమంది ఎన్ని దేశాల్లో ఉన్నారో, అన్ని దేశాల పన్ను నిపుణుల చేత ట్రస్టు పత్రం ముసాయిదాను చదివించండి. మా ఆడిటర్ గారు తీసుకున్న రుసుము, మేము నష్టపోయిన దానిలో నూరో వంతు కూడా కాదు.

నాన్నగారికి ఇప్పుడు 78 ఏళ్లు. కాకినాడ ఇంటికి తిరిగి వచ్చేయాలని ఆయన కోరిక. కానీ ట్రస్టును రద్దు చేసే అధికారం పత్రంలో ఆయన తన వద్దే ఉంచుకున్నారు. ఆయన ఇక్కడ సాధారణ నివాసి అయిన నాటి నుంచి ట్రస్టు ఆదాయమంతా ఆయన ఆదాయంగానే లెక్కకు వస్తుందని ఆడిటర్ గారు చెప్పారు. పత్రాన్ని మార్చడానికి ట్రస్టీ అడుగుతున్న రుసుముపై ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి. అవి తేలేవరకు ఆయన ఇక్కడ నివాసిగా లెక్కకు రాకూడదని, ఏడాదిలో 182 రోజులు నిండకుండా రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చి వెళుతున్నారు. మొన్న సంక్రాంతికి వచ్చి, వారం తిరగకముందే మళ్లీ సింగపూర్ విమానం ఎక్కారు.