సంస్కర్తలు, సంఘ పితరులు: ఆన్‌లైన్ కోర్సు ఎలా ఉందంటే

16వ శతాబ్దంలో పోపుని ఎదిరించిన సంస్కర్తలు (లూథర్, కాల్విన్ లాంటివాళ్ళు) సంఘ పితరుల్ని, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుల్ని, ఎలా చూశారో చెప్పే ఒక బైబిల్ కాలేజీ వాళ్ళ రికార్డెడ్ కోర్సు ఇది, మొత్తం ఇంగ్లీషే, కింద కొంచెం తిట్టాలి కాబట్టి పేరు రాయట్లేదు. లూథర్ వచ్చి పారంపర్యాచారం (సంఘంలో తరతరాలుగా వస్తున్న బోధలు, పద్ధతులు) అంతా చెత్తబుట్టలో పడేసి బైబిల్ ఒక్కటే చేతిలో పట్టుకున్నాడు అని మన సంఘాల్లో చాలామంది అనుకుంటారు కదా, వాళ్ళకి మొదటి రెండు వీడియోలు చాలు. 1519లో జర్మనీలోని లైప్జిగ్‌లో కతోలిక పండితుడు ఎక్‌తో వాదించేటప్పుడు కౌన్సిళ్ళు (బిషప్పుల మహాసభలు) కూడా పొరపాటు పడతాయని లూథర్ అన్నాడు, నిజమే, కానీ నీసియ (325) నుంచి కల్సెదోను (451) దాకా నాలుగు కౌన్సిళ్ళనీ కాల్విన్ గౌరవంగానే ఒప్పుకున్నాడు, ఎందుకయ్యా అంటే అవి చెప్పింది లేఖనంలో ఉన్నదే కాబట్టి. కోర్సంతా ఈ పాయింట్ చుట్టూనే తిరుగుతుంది.

అన్నిట్లోకీ సూపర్ ఇంగ్లండ్ సంస్కర్త జాన్ జ్యువెల్ మీద క్లాస్. 1559లో లండన్ పాల్స్ క్రాస్ అనే ఆరుబయట ప్రసంగ వేదిక దగ్గర నిలబడి, పోపు లోకం మొత్తానికి బిషప్ అనో, జనానికి అర్థంకాని భాషలో ప్రార్థన చెయ్యాలనో మొదటి 600 ఏళ్ళ పితరుల్లో, కౌన్సిళ్ళలో, లేఖనంలో ఒక్క స్పష్టమైన మాట చూపించండి, లొంగిపోతా అన్నాడు!! అవతలోళ్ళ గ్రౌండ్‌కే వెళ్ళి ఆడటం అంటే ఇదే. దానికి కతోలిక పండితుడు హార్డింగ్ జవాబు, మళ్ళీ ఈయన జవాబు, ఏళ్ళపాటు పుస్తకాల యుద్ధం, ఇద్దరి వాదనలూ పక్కపక్కన పెట్టి చెప్పారు, బాగుంది.

కాల్విన్ క్లాస్ మాత్రం నాకు నచ్చలేదు. 1536లో వేసిన 'ఇన్‌స్టిట్యూట్స్' అనే తన సిద్ధాంత పుస్తకం ముందు ఫ్రాన్స్ రాజుకి రాసిన లేఖలో పితరుల్ని బట్టే తీర్పు అయితే గెలుపు ఎక్కువగా మాదే అంటాడు, తీరా స్వేచ్ఛాచిత్తం (మనిషి సొంతంగా మంచిని ఎంచుకోగలడా అన్న విషయం) దగ్గరికి వచ్చేసరికి అగస్టీన్ తప్ప మిగతా పితరులంతా తికమకగా రాశారంటాడు. అంటే మనకి సరిపోతే పితరుడు, సరిపోకపోతే వాళ్ళూ మనుషులే కదా, అంతేనా? లైవ్ సెషన్‌లో ఇదే అడిగితే సార్ 'గుడ్ క్వశ్చన్' అని నెక్స్ట్ స్లైడ్‌కి వెళ్ళిపోయారు.

నాకైతే దీనికి కాస్త జవాబు లూథరన్ పండితుడు కెమ్నిట్జ్ మీద చెప్పిన క్లాస్‌లో దొరికింది. లేఖనాన్నీ, రాతలో లేని పారంపర్యాన్నీ సమానంగా గౌరవించాలని 1546లో కతోలికుల ట్రెంట్ కౌన్సిల్ తీర్మానిస్తే ఈయన పారంపర్యాన్ని ఎనిమిది రకాలుగా విడగొట్టి, ఏడింటికి ఓకే అని, లేఖనంతో రుజువు చెయ్యలేని సిద్ధాంతాల్ని మోసుకొచ్చే ఎనిమిదోదాన్ని మాత్రం కాదన్నాడు. ఇంత మంచి మేటర్‌ని చివర్లో పరుగు పరుగున కానిచ్చేశారు, శిశు బాప్తిస్మం మీద దాన్ని ఒప్పుకోని అనాబాప్టిస్టులతో గొడవ అయితే అసలు ఎత్తనే లేదు.

సౌండ్ యావరేజ్, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. 5కి 3.5. కొనేవాళ్ళు యాక్సెస్ అయిపోయేలోపు జ్యువెల్ హ్యాండవుట్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, తర్వాత అడిగితే ఇవ్వట్లేదు.