2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్: రెండేళ్లు వాడాక నా మాట

నేను వాడేది చేతిలో ఇమిడిపోయే 2.5 అంగుళాల హార్డ్ డిస్క్, వేరే కరెంటు అడాప్టర్ అక్కర్లేదు, యూఎస్‌బీ కేబుల్ పెడితే చాలు. కొన్నాక చాలామంది కంగారు పడేది ఒకటుంది, 2 టీబీ అని కొంటే విండోస్‌లో 1.81 టీబీ అని చూపిస్తుంది. అందులో మోసమేం లేదు, కంపెనీవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది అంతే.

స్పీడ్ విషయానికొస్తే పెద్ద వీడియో ఫైళ్లు యూఎస్‌బీ 3.0 పోర్టులో సెకనుకి 110 నుంచి 120 ఎంబీ దాకా వెళ్తున్నాయి, అంటే 100 జీబీకి పావుగంట. అదే పాత 2.0 పోర్టులో పెడితే 35 కూడా దాటదు. చిన్న చిన్న ఫోటోలు వేలల్లో ఉంటే మాత్రం ఏ పోర్టులో పెట్టినా నత్తనడకే, అందుకే పాత ఫోటోలు ఏడాదికో జిప్ చేసి ఎక్కిస్తున్నా.

ఇక అసలు సంగతి. ఇది నా రెండో డిస్క్. మొదటిదాంట్లో చెల్లి పెళ్లి ఫోటోలు, నాన్న వీడియోలు అన్నీ వేసి, లాప్‌టాప్‌లో ప్లేస్ లేదని అక్కడ డిలీట్ చేసేశా, బ్యాకప్ ఉంది కదా అనుకున్నా. కానీ ఉన్నది ఒక్కటే కాపీ అయినప్పుడు అది బ్యాకప్ ఎలా అవుతుంది, ఆ ముక్క అప్పుడు తట్టలేదు. ఒకరోజు అది తిరుగుతుండగానే కేబుల్ కాలికి తగిలి టేబుల్ మీంచి కింద పడింది, అప్పట్నుంచి టిక్ టిక్ మని చప్పుడు తప్ప ఇంకేం లేదు. రికవరీ వాళ్లు చూసి లోపల డేటా చదివే హెడ్ పోయిందన్నారు, చివరికి సగం కూడా రాలేదు. నాన్న గొంతు ఉన్న వీడియోలు పోయాయి, ఇప్పటికీ తల్చుకుంటే బాధే.

అందుకే ఇప్పుడు లాప్‌టాప్‌లో ఒక కాపీ, ఈ డిస్క్‌లో ఒకటి, ఇంకో డిస్క్ చెల్లి వాళ్లింట్లో. ప్రతి ఆదివారం ప్లగ్ చేసి విండోస్‌లోనే ఉండే ఫైల్ హిస్టరీ అనే బ్యాకప్ టూల్ రన్ చేస్తా, అవ్వగానే ఎజెక్ట్ కొట్టి తీసి బీరువాలో పెట్టేస్తా. ఎప్పుడూ తగిలించి ఉంచొద్దు, రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బులడిగే వైరస్) వస్తే లాప్‌టాప్‌తో పాటు దాన్ని కూడా లాక్ చేసేస్తుంది. నెలకోసారి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ హెల్త్ చూస్తా, పెండింగ్ సెక్టార్లు (డిస్క్ సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) పెరుగుతున్నాయంటే వెంటనే డేటా వేరే దాంట్లోకి మార్చేయాలి. అది బాగుంది అని చూపించినా నాలుగైదు పాత ఫైళ్లు తెరిచి చూసుకుంటేనే నాకు నమ్మకం.

మ్యాక్ కూడా వాడేవాళ్లు విండోస్, మ్యాక్ రెండింట్లో పనిచేసే ఎక్స్‌ఫ్యాట్‌ పద్ధతిలో డిస్క్‌ని ఫార్మాట్ చేసుకోండి, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి అయితే మ్యాక్‌లో ఫైళ్లు తెరుచుకుంటాయి గానీ దాంట్లోకి ఏమీ కాపీ చేయలేం. అయితే ఎక్స్‌ఫ్యాట్‌లో కాపీ అవుతుండగా కేబుల్ లాగితే ఫైళ్లు పాడయ్యే భయం ఎక్కువ, కాబట్టి ఎజెక్ట్ కొట్టకుండా అస్సలు తీయొద్దు.

నచ్చనిదల్లా కేబుల్. ఆ వెడల్పాటి మైక్రో పిన్ ఏడాదికే లూజయ్యి కొంచెం కదిలినా డిస్‌కనెక్ట్ అయ్యేది, డిస్కే పోయిందేమోనని గుండె జారిపోయింది, కేబుల్ మార్చాక మళ్లీ ఆ సమస్య రాలేదు. రోజూ బ్యాగులో వేసుకుని తిరిగేవాళ్లయితే ఎస్‌ఎస్‌డీకే వెళ్లండి, లోపల తిరిగే భాగాలుండవు కాబట్టి కింద పడినా తట్టుకుంటుంది. ఇంట్లో ఒకచోట పెట్టి ఎక్కువ డేటా దాచుకోవాలంటే మాత్రం తక్కువ ఖర్చులో నాకైతే ఇదే బాగుంది, కొనేటప్పుడే కేబుల్ ఇంకోటి తీసి పెట్టుకోండి.