వానకాలంలో అండమాన్: ఓడలోనా, విమానంలోనా?

నైరుతి రుతుపవనాలు సాధారణంగా మే మూడో వారానికే అండమాన్‌ను తాకుతాయి. అప్పటి నుంచి సెప్టెంబరు వరకు పర్యాటకులు పలచబడి, గదుల అద్దెలు దిగివస్తాయి కనుక, ఆలోచించవలసిన పెద్ద ఖర్చు ప్రయాణానిదే.

విశాఖపట్నం, చెన్నై రేవుల నుంచి శ్రీ విజయపురానికి, అంటే నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్‌కు, ప్రభుత్వ ఓడలు వెళ్తాయి. వాటిలో బంక్ తరగతి (అంటే ఒకే హాలులో వరుసగా పడకలుండే తరగతి) టికెట్టు చాలా చవక. అయితే ఒకవైపు ప్రయాణానికే రెండున్నర, మూడు రోజులు పడుతుంది. విశాఖ నుంచి ఓడలు అరుదు, తేదీలు మారుతుంటాయి. పైగా వానకాలపు సముద్రపు అలజడికి తల తిరగడం, వాంతులు మామూలే. చెన్నై నుంచి విమానం రెండుంబావు గంటల్లో చేరుస్తుంది. ఓడ ఛార్జీ రుతువును బట్టి తగ్గదు, విమానం ఛార్జీ మాత్రం గిరాకీ లేనప్పుడు తగ్గుతుంది. అందువల్ల, సెలవులు తక్కువగా ఉన్న కుటుంబానికి ఈ కాలంలో విమానమే మేలని నా దృఢమైన అభిప్రాయం. సమయం చేతిలో ఉండి, సముద్రయానాన్నే కోరుకునే విద్యార్థులకు ఓడ తగినదే.

ఎలా వెళ్లినా, గాలివాన ఉంటే స్వరాజ్ ద్వీప్ (హేవ్‌లాక్), షహీద్ ద్వీప్ (నీల్) అనే పర్యాటక దీవులకు శ్రీ విజయపురం నుంచి నడిచే ఫెర్రీలు రద్దవుతాయి. కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజంతా శ్రీ విజయపురంలోనే ఉండేలా చూసుకోవాలి. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలును నిదానంగా చూడడానికి ఆ రోజు సరిపోతుంది.