లివర్ చివర ఉన్న ఆ ‘టక్’: ఆరు చలికాలాల తర్వాత

ఈ ట్రాక్టర్ మీద నాకున్న ఇష్టమంతా ఒక ‘టక్’ శబ్దం దగ్గర మొదలైంది. అది కూడా కొన్న రెండో చలికాలం చివర్లో. ఇంజిన్ బలం ఎంత, బకెట్ ఎంత ఎత్తు లేస్తుంది లాంటి లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. నాది పాతిక హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్. ముందు లోడర్, అంటే బకెట్‌ని ఎత్తి దించే రెండు ఇనుప చేతులు, వాటికి అయిదడుగుల బకెట్. క్యాబిన్ లేదు. చలికాలంలో దీనితో మంచు తీయాల్సింది ఇంటి నుంచి రోడ్డుకి 120 మీటర్ల దారి. గ్యారేజ్ ముందు కాస్త కాంక్రీటు, మిగతాదంతా కంకర. ఈపాటి తెలిస్తే చాలు.

మొదటి రెండు చలికాలాలు నేను మంచు తీసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బకెట్‌ని నేలకి ఆనించి పోతే మంచుతో పాటు కంకర లేచి వచ్చేది. కాస్త ఎత్తి పోతే అడుగున రెండు వేళ్ల మందం మిగిలిపోయేది. దాని మీద నా టైర్లే తిరిగి తిరిగి, మర్నాటికి అది గాజుపలకలా గడ్డకట్టేది. పోనీ గట్టిగా కిందికి నొక్కుదామంటే ముందు చక్రాలే నేల విడిచేవి. అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి దాని దారిన అది తిన్నగా పోయి గడ్డిలో దిగేది. బకెట్‌ని ఎత్తి దించే లివర్ మీద కుడి చెయ్యి క్షణం ఊరుకునేది కాదు. కాస్త పైకి, కాస్త కిందికి, మళ్లీ పైకి. పని అయ్యేసరికి భుజం పట్టేసేది. మంచు కరిగాక చూస్తే కంకర చాలావరకు లాన్‌లో ఉండేది, దాన్ని రేక్‌తో లాక్కోవడం ఇంకో పని. చిన్న ట్రాక్టర్ కదా, ఇంతకన్నా ఏం చేస్తుందిలే అని సరిపెట్టుకున్నాను.

ఆ రోజు ఇంకా తెల్లవారలేదు. చలికి వేళ్లు కదలక మామూలు గ్లవ్స్ మీద ఇంకో జత వేసుకున్నాను. చేతికి లివర్ సరిగా తెలియడం లేదు. బకెట్ దించుదామని ముందుకి తోశాను, అది కావలసినదానికంటే ఎక్కువ పోయింది. చివర్లో ఏదో అడ్డు తగిలినట్టు అయింది, ఇంకాస్త తోసేసరికి ‘టక్’. చెయ్యి తీసేశాను. లివర్ మాత్రం వెనక్కి రాలేదు, అక్కడే ఉండిపోయింది. విరిగింది అనుకున్నాను. ఆ చలిలో, ఆ చీకట్లో, సగం దారి కూడా తీయకుండా! ఒకటే టెన్షన్. ఎలాగైనా గ్యారేజ్‌లోకి చేరిస్తే చాలని బకెట్ నేల మీద ఈడుస్తూనే వెనక్కి తీసుకున్నాను. హెడ్‌లైట్ల వెలుగులో బకెట్ జరిగిన మేర చూద్దును కదా, కంకర మీద మంచు లేదు. కంకర మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. మళ్లీ ముందుకి పోయాను. గుంట వస్తే బకెట్ తనంతట తానే దిగింది, మిట్ట వస్తే లేచింది. నా చెయ్యి ఒళ్లో ఉంది.

లోపలికి వచ్చి మాన్యువల్ తీస్తే అందులో ఫ్లోట్ అని ఒక పేజీ ఉంది. బొమ్మతో సహా. కొన్నరోజు తిరగేసి పక్కన పడేసిన మాన్యువల్ అది, ఎవరిని తిట్టుకోవాలి? మామూలుగా లివర్ ముందుకి తోస్తే హైడ్రాలిక్ నూనె ఒత్తిడితో లోడర్ చేతుల్ని కిందికి నెడుతుంది. ఫ్లోట్‌లో పడితే ఆ సిలిండర్లకి రెండు వైపులా దారి తెరుచుకుని నూనె అటూ ఇటూ స్వేచ్ఛగా తిరుగుతుంది. అంటే పైకీ కిందికీ పట్టేది ఏమీ ఉండదు, బకెట్ తన బరువు మీద తను నేలని పట్టుకుని పోతుంది. గుంటక మీద నిలబడ్డ మనిషి దిగిపోయి పక్కన నడిచినట్టు. ముందు చక్రాలు మళ్లీ నేల మీద ఉన్నాయి కాబట్టి స్టీరింగ్ కూడా నా మాట వినడం మొదలుపెట్టింది.

గ్యారేజ్ తలుపు ముందు పేరుకున్న మంచుకీ ఇదే మందు. తలుపు దాకా వెళ్లి, బకెట్ మూతిని కిందికి వంచి, ఫ్లోట్‌లో పెట్టి వెనక్కి లాగితే చీపురుతో ఊడ్చినట్టు వస్తుంది. అంతకుముందు ఆ భాగమంతా పారతో చేసేవాణ్ణి.

ఆ ఊపులో, మంచుని దూరంగా విసిరే బ్లోయర్ యంత్రం దండగ, బకెట్టూ ఫ్లోటూ ఉంటే చాలు అని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

నాలుగో చలికాలంలో జరిగింది చెప్పాలి. పొడి మంచు, జానెడు కూడా లేదు. దూదిలా పోతోంది. రోడ్డు దాకా తోసేసి తిరిగి వస్తూ, ఖాళీగా రావడం ఎందుకని బకెట్ దించి ఫ్లోట్‌లో పెట్టాను, మిగిలిన చారలు కూడా పోతాయని. అంతకుముందే తలుపు దగ్గర వెనక్కి లాగాను కాబట్టి మూతి కాస్త కిందికే వంగి ఉంది. సరిచేయలేదు. గేరు కూడా తగ్గించలేదు. ఫ్లోట్ ఉంది కదా, నేల ఎలా ఉంటే అలా పోతుంది అన్న ధీమా. కంకర అయిపోయి కాంక్రీటు మొదలయ్యే చోట బండి గోడని గుద్దినట్టు ఆగిపోయింది. బెల్టు పెట్టుకోకపోతే స్టీరింగ్ నా ఛాతీలో దిగేదే. బెల్టు ఉన్నా రెండు వారాలు పక్కటెముకలు నొప్పెట్టాయి.

జరిగిందేమిటంటే, నేలలోని తడి గడ్డకట్టి ఉబ్బి కాంక్రీటు పలకని ఒక అంగుళం పైకి లేపింది. వేసవిలో అక్కడ మెట్టే ఉండదు. బకెట్ ఎడమ మూల సరిగ్గా ఆ అంచుకి తగిలింది. ఫ్లోట్ పైకీ కిందికీ వదులిస్తుంది గానీ, ఎదురుగా వచ్చే దెబ్బకి చేసేదేమీ లేదు. మూతి వెనక్కి వంచి ఉంటే బకెట్ అడుగు ఆ మెట్టు మీద జారి ఎక్కేసేదేమో. కిందికి వంచి ఉన్న అంచు ఉలిలా పోయి పట్టుకుంది. మూల మడతపడింది, లోడర్ చేతులు రెండూ ఒక పిసరు మెలి తిరిగాయి. వెల్డింగ్ చేసేవాళ్లు వేడి చేసి మూలని తిన్నగా కొట్టారు గానీ, మెలిక పోలేదు. అప్పటినుంచి బకెట్ నేల మీద పెడితే ఎడమవైపు వేలు దూరేంత సందు ఉంటుంది. నేను ఎంత శుభ్రంగా తీసినా ఎడమవైపు జానెడు వెడల్పున ఒక తెల్లటి చార మిగులుతుంది.

ఇంకొకటి. బకెట్ పైన ఉండగా పొరపాటున లివర్ ఆ ‘టక్’ దాటితే నూనె పట్టదు, బకెట్ ధడాలున పడుతుంది. నాకు ఒకసారి అయింది, దగ్గరలో ఎవరూ లేరు కాబట్టి కథ అక్కడితో ఆగింది. పిల్లలు మంచులో ఆడుకుంటుంటే ఇప్పుడు ఇంజిన్ కూడా వేయను.

కంకర విషయంలో కూడా కాస్త వెనక్కి తగ్గాలి. నేల గడ్డకట్టాక ఫ్లోట్ అద్భుతం. గడ్డకట్టక ముందే పడే తొలి మంచుకి మాత్రం బకెట్ బరువే చాలు కంకర దోకడానికి. దానికి ఒక ఇనుప పైపుని పొడవునా చీల్చి బకెట్ అంచుకి తొడుగుతాను. గుండ్రటి అంచు కాబట్టి కంకర మీద జారిపోతుంది. మంచు కాస్త మిగులుతుంది, మిగలనీ. రోడ్డు మీద మంచు తీసే పెద్ద బండి వచ్చి దారి మొదట్లో పోసిపోయే గట్టి కుప్పకి ఫ్లోట్ పనికిరాదు, దాన్ని మామూలుగా తవ్వి ఎత్తాల్సిందే. వెనక కాంక్రీటు బరువు తగిలించకపోతే అదీ జరగదు.

ఇక కుప్పల సంగతి. బకెట్ మంచుని తోస్తుంది, విసరదు. ఫిబ్రవరి వచ్చేసరికి రెండు పక్కలా గోడలు లేచి దారి ఇరుకవుతుంది. కిందటేడు కారు అద్దం అలాగే పోయింది. తడి మంచు అయితే పొడి మంచుకి మూడు నాలుగు రెట్లు బరువు, పాత కుప్పని జరపాలంటే టైర్లు అక్కడే తిరుగుతాయి. అలాంటి రోజున ఒకప్పుడు దండగ అన్న బ్లోయరే గుర్తొస్తుంది.

మరి కొనచ్చా అంటే, నాలాగా పొడుగు కంకర దారి ఉండి, వేసవిలో మట్టి పనికి కూడా బండి కావాలంటే కొనచ్చు. నాలుగు కార్లు పట్టేంత కాంక్రీటు మాత్రమే ఉన్నవాళ్లకి చేత్తో నడిపే బ్లోయర్ చాలనిపిస్తుంది. నా వయసుకి, నా నడుముకి కూర్చుని చేసే పనే నప్పుతుంది, అది కూడా ఈ లెక్కలో ఉంది. క్యాబిన్ లేని బండి మీద గాలికి ఎదురుగా మంచు తీయడం గురించి మా ఆవిడ అభిప్రాయం వేరు.

ఈసారి తొలి మంచుకి ముందే కాంక్రీటు అంచు రెండు చివర్లా ఎర్ర కర్రలు పాతాను. మూతి వెనక్కి వంచి, తక్కువ గేరులో వస్తున్నాను. ఎడమవైపు చార మీద ఇసుక చల్లుతున్నాను.