కంది చేనుకు ఏది మేలు: తేనెటీగల పెట్టెనా, ఆకుకోత ఈగకు వెదురు గొట్టాలా?

గులాబీ ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రటి గాట్లు కనిపిస్తే చాలామంది వెంటనే మందు డబ్బా తీస్తారు. దయచేసి ఆగండి. గొంగళి పురుగు కొరికితే అంచు వంకరటింకరగా ఉంటుంది, ఆకు మీద రెట్ట కూడా పడి ఉంటుంది. ఇంత నున్నగా కోసేది ఆకుకోత తేనెటీగ. ఆ ముక్కను తినదు, పిల్లలకు గూడు కట్టడానికి మోసుకుపోతుంది.

వరంగల్ చుట్టుపక్కల పత్తిలో కంది సాళ్లు వేసుకుని, పెరట్లో నాలుగు కూరగాయలు పెట్టుకునే రైతు తేనెటీగల పెట్టె కొనాలా, ఊళ్లోనే ఉన్న ఈ ఈగకు చోటివ్వాలా? తేనె అమ్ముకునే ఆలోచన లేకపోతే ఆకుకోత ఈగే మేలని నా అభిప్రాయం.

కంది పువ్వు దగ్గర కాసేపు నిలబడి చూడండి. కేసరాలు అడుగు రేకుల మధ్య దాగి ఉంటాయి. నల్లటి ఒళ్లు, పెద్ద తల, పొట్ట మీద లేత రంగు చారలున్న ఆకుకోత ఈగ వచ్చి వాలి, రేకులను గట్టిగా కిందికి నొక్కుతుంది. కేసరాలు బయటికొచ్చి దాని పొట్టకు రాసుకుంటాయి. మామూలు తేనెటీగ పుప్పొడిని తేనెతో తడిపి వెనుక కాళ్లకు ముద్దలా అతికించుకుంటుంది. ఇది మాత్రం పొట్ట కింది వెంట్రుకల్లో పొడిగానే నింపుకుంటుంది కాబట్టి, వాలిన పువ్వు వాలినట్టే కొంత రాలుస్తూ పోతుంది.

కంది తనంతట తానూ కాస్తుంది. ఈగలొస్తే దిగుబడి రెట్టింపవుతుందని ఎవరన్నా అంటే నమ్మకండి. అయితే పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తయారుచేసిన ఐసీపీహెచ్ 2671 లాంటి హైబ్రిడ్ కంది విత్తనం పండించాలంటే మాత్రం మగ వరస పుప్పొడిని ఆడ వరసకు చేర్చడానికి ఈగలే దిక్కు.

పెట్టెకు పని ఎక్కువ. పూలు లేని రోజుల్లో చక్కెర పాకం పెట్టాలి, మైనపు పురుగు పట్టకుండా చూడాలి. పైగా తేనెటీగలు రెండు మూడు కిలోమీటర్లు తిరుగుతాయి, ఎవరి చేలో ఏ మందు కొట్టారోనని టెన్షన్ తప్పదు. ఆకుకోత ఈగ సాధారణంగా గూటికి కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతుంది కాబట్టి మన చేలో మనం జాగ్రత్త పడితే చాలావరకు బతికిపోతుంది.

దీనికి రాణి లేదు, కూలి ఈగలు లేవు. ఆడ ఈగ ఒక్కతే సన్నటి బొర్ర వెతుక్కుని, కోలగా కోసిన ఆకులతో గది చుట్టి, పుప్పొడీ తేనే కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒక్క గుడ్డు పెడుతుంది. గుండ్రటి ముక్కలతో మూత వేసి, ఆ పైన ఇంకో గది మొదలుపెడుతుంది. లోపలి గదుల్లో ఆడ పిల్లలు, ద్వారం దగ్గర మగవి. మగవే ముందు బయటికొస్తాయి. చేత్తో నలిపితే తప్ప సాధారణంగా కుట్టదు.

అయితే దీన్ని కావలసినన్ని కొని తెచ్చుకోలేం. ఎకరాల్లో పుచ్చ, పొద్దుతిరుగుడు వేసేవాళ్లకు పెట్టెలే సరి. వేల ఈగలుంటాయి, పూత సమయానికి రాత్రిపూట చేను దగ్గరికి తరలించుకోవచ్చు.

మిగతావాళ్లు పెన్సిల్ దూరేంత బొర్ర ఉన్న ఎండు వెదురు ముక్కలను జానెడు పొడవున, ఒక కొన కణుపు దగ్గర మూసుకుని ఉండేలా కోసి, కట్టగట్టి, వాన తగలని చూరు కింద పొద్దుటి ఎండ పడేలా వేలాడదీయండి. నోటి దగ్గర ఆకు మూత కనిపించాక ఆ కట్టను కదపకండి.